తలుపు తీశాడా, లేదా

మొదటి ఆట వదిలాక హాలు మెట్ల దగ్గర నిలబడి చూడండి, జనానికి ఒక సినిమా మీద ఎన్ని అభిప్రాయాలుంటాయో తెలుస్తుంది. కళ్ళు వెలుతురికి అలవాటు పడకముందే తీర్పులు మొదలవుతాయి. "మొదటి భాగం ముందు ఇది దిగదుడుపే." "సెకండాఫ్ జీడిపాకంలా సాగదీశాడు." "జాంబీలు బాగా పరిగెత్తారు, హీరోకే ఆయాసం వచ్చింది." రెండున్నర గంటలు నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళు ఆ మాత్రం కక్ష తీర్చుకోవడంలో తప్పు లేదు. ఆ మాటలు ఏరుకోవడానికి మెట్ల కింద ఒక అమ్మాయి మైకు పట్టుకుని, ఆమె వెనక ఒకతను కెమెరా పట్టుకుని కాచుకుని ఉంటారు.

ఆ రోజు ఆ మైకు ముందు అద్దాలాయన వచ్చి పడ్డాడు. నిజంగానే వచ్చి పడ్డాడు. తనంతట తాను మైకు ముందు నిలబడే రకం కాదాయన. వెనకనుంచి తోసుకొచ్చిన గుంపు ఆయన్ని సరిగ్గా అక్కడ దించేసి తన దారిన పోయింది.

అద్దాలాయన అంటే కళ్ళజోడు పెట్టుకునే మనిషనుకునేరు. కిటికీలకీ తలుపులకీ గాజు పలకలు కోసి బిగించడం ఆయన పని. బస్టాపు ఎదురుగా చిన్న కొట్టు. లోపల పొడవాటి బల్ల, దాని మీద నలిగిన దుప్పటి, గోడకి ఆనించిన పలకలు. కట్టర్‌ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు వెంబడి ఒక్క గీత గీసి, కిందనుంచి రెండుసార్లు తట్టి విరిచేస్తాడు. అదే గీత మీద రెండోసారి కట్టర్ నడపడు, నడిపితే గాజు మాట వినదంటాడు. మాటల్లోనూ అంతే, ఒకసారి అన్నది మళ్ళీ అనడు. ఆ ఒకసారి అనిపించడమే కష్టం. నోట్లో నాలుక లేని మనిషని వీధి వీధంతా అంటుంది.

ఆ ఇంట్లో మాటలన్నీ ఆయన భార్యవి. పిల్లల డాక్టరు దగ్గర, వరుసలో కూర్చున్నవాళ్ళని పేరు పెట్టి లోపలికి పిలిచే ఉద్యోగం ఆవిడది. వారమంతా ఏడ్చే పిల్లల మధ్య గడిపే ఆవిడకి, సెలవునాడు చచ్చి లేచి వచ్చేవాళ్ళని చూస్తే తప్ప ప్రాణం కుదుటపడేది కాదు. హాల్లో అందరూ కెవ్వుమన్నచోట ఆవిడ నవ్వేది. ఆ నవ్వుకి చప్పుడు ఉండదు. కళ్ళు మాత్రం చిన్నవైపోయి రెండు గీతల్లా మిగులుతాయి. పక్కన అద్దాలాయన కుర్చీ చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయి ఉండేవాడు.

ఆ జాంబీల సినిమా మొదటి భాగం వచ్చి ఐదేళ్ళు దాటింది. అందులో ఒక బస్సు డ్రైవరు, చంటిపిల్లని ఎత్తుకుని ఒక గదిలో దాక్కుంటాడు. అతని భార్య అద్దాల తలుపు అవతల మిగిలిపోతుంది. ఆమె మణికట్టు మీద అప్పటికే జాంబీ కాటు పడి ఉంటుంది. ఇంకా మనిషిగానే ఉంది, ఎంతసేపుంటుందో తెలియదు. చేత్తో అద్దాన్ని కొడుతుంది. డ్రైవరు గడియ మీద చెయ్యి వేస్తాడు. అంతే, తెర నల్లబడి, మిగిలింది రెండో భాగంలో చూడమన్నారు. జనం తిట్టుకుంటూ లేచారు. ఈ మొగుడూ పెళ్ళాలిద్దరూ మాత్రం ఆ తలుపుని ఇంటికి తెచ్చుకున్నారు.

"తీస్తాడు" అనేది ఆవిడ. "తీయకపోతే వాడేం మొగుడండీ?"

"తీయడు. లోపల పిల్ల ఉంది."

"పిల్లని పక్కన దించి తీస్తాడు."

"అయినా అది నాలుగు మిల్లీమీటర్ల అద్దం. ఎవరూ తీయక్కర్లేదు, గట్టిగా రెండు గుద్దులు గుద్దితే చాలు."

దాంతో ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. కట్టుకున్నది అక్కడ చచ్చిపోతుంటే మిల్లీమీటర్లు కొలుస్తావా మనిషీ, అని విరుచుకుపడేది. పెళ్ళయి వేరే కాపురం పెట్టిన కూతురు ఎప్పుడైనా వచ్చినప్పుడు ఈ సినిమా గొడవ మొదలైందా, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకునేది. రక్తం కనబడే సినిమా ఆ పిల్ల చచ్చినా చూడదు. తలుపేమిటో, డ్రైవరెవరో ఆమె ఎప్పుడూ అడగలేదు.

రెండో భాగం ఇదిగో అదిగో అంటూ వాయిదాలు పడింది. ఈలోగా ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. తొమ్మిదోనాడు మధ్యాహ్నం నర్సు బయటికొచ్చి, ఒక్కొక్కరుగా వెళ్ళి చూసి రండి అంది. ఆ మాటకి అర్థం అడగకుండానే తెలుస్తుంది. అద్దాలాయన కూతురితో "నువ్వెళ్ళు" అన్నాడు. కూతురు వెళ్ళింది.

ఆయన తలుపు ముందు నిలబడ్డాడు. తలుపుకి కంటి ఎత్తులో అద్దం ఉంది. లోపల సన్నటి తీగల వల వేసిన రకం, ఆరు మిల్లీమీటర్లు. కింది మూల అద్దాన్ని పట్టి ఉంచే బీడింగు ఊడి వేలాడుతోంది. దాన్ని బొటనవేలితో నొక్కి లోపలికి కూర్చాడు. మళ్ళీ ఊడింది. మళ్ళీ కూర్చాడు. అద్దంలోంచి మంచం చివర దుప్పటీ, దుప్పటి కింద రెండు పాదాలూ కనిపించాయి. కూతురు బయటికొచ్చాక నర్సు, "ఇక మీరు వెళ్ళండి" అంది.

"కాసేపాగి వెళ్తాను" అన్నాడు.

ఆ కాసేపు రాలేదు. గంట తిరక్కుండానే నర్సు వచ్చి చెప్పేసింది.

"అమ్మ ఏమంది?" అని ఆ సాయంత్రం కూతుర్ని అడిగాడు. కూతురు ఆయన మొహంలోకి చూడకుండా, "ఏం లేదు" అంది. ఆయన అడిగిందాన్ని మళ్ళీ అడగడు కదా, అడగలేదు. ఆ తర్వాత కూతురు వారానికి రెండుసార్లు వస్తూనే ఉంది. డబ్బాలో కూర పెట్టి, పాత డబ్బా తీసుకుని, "ఉంటాను నాన్నా" అని వెళ్ళిపోతుంది. నాన్న లోపలికి వెళ్ళలేదన్న మాట ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

ఏడ్చాడా అంటే, లేదు. ఆయనకి ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడం చూసి కొన్నాళ్ళు ఆశ్చర్యపోయాడు, తర్వాత ఆ ఆశ్చర్యమూ పోయింది. పొద్దున్నే కొట్టు తీసేవాడు, సాయంత్రం మూసేవాడు. ఒకసారి కిటికీ అద్దం తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, "అయ్యో, రక్తమండీ" అంటే పలక వంక చూశాడు. ఎర్రటి మరకలున్నాయి. ఎవరిదా అని చూస్తే తన అరచెయ్యి ఈ కొసనుంచి ఆ కొసకి తెగి ఉంది. గుడ్డ చుట్టుకుని పలక తుడిచి ఇచ్చాడు. నొప్పి మాత్రం తెలియలేదు.

అలా పది నెలలు గడిచాక రెండో భాగం వచ్చింది. గోడ మీద పోస్టరు చూసి, మర్నాడు కొట్టు తీయకుండా మొదటి ఆటకి వెళ్ళాడు. ఆయన రెండు టికెట్లు కొని పక్క సీటు ఖాళీగా ఉంచుకున్నాడని చెబితే కథ రక్తి కట్టేదే. ఒకటే కొన్నాడు. పక్కన ఎవరో లావుపాటి మనిషి కూర్చుని ఆటంతా మోచెయ్యి ఆయన మీదే పెట్టాడు. అద్దాలాయన వచ్చింది ఒక్క సంగతి కోసం. ఆ తలుపు తీశాడా, లేదా? తెలిస్తే భార్యకి చెప్పేదేముంది, ఆవిడ లేదు. అయినా తెలియాలి.

ఈ భాగంలో కథ ఆ రోజుకి ఏడేళ్ళ తర్వాత మొదలైంది. కొత్త ఊరు, కొత్త హీరో, కొత్త జాంబీలు. డ్రైవరు లేడు. పిల్ల లేదు. అద్దాల తలుపులు బోలెడు వచ్చాయి, అన్నీ పగిలాయి. పాత తలుపు ఊసు ఎవరూ ఎత్తలేదు. దీపాలు వెలిగాక కూడా, చివర్లో ఏమైనా చూపిస్తారేమోనని ఆగిన సగం హాలుతో పాటు ఆయనా తెర మీద పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నాడు. చూపించలేదు.

"సర్, సినిమా ఎలా ఉంది సర్?" అంది మైకు అమ్మాయి.

"అద్దాలు అలా పగలవమ్మా" అన్నాడు. "కొట్టగానే పొడైపోదు. ముందు బీట వస్తుంది."

వెనకున్నవాళ్ళు గొల్లుమన్నారు. అమ్మాయికి ఉత్సాహం వచ్చి మైకు ఇంకా దగ్గరగా పెట్టింది. "సూపర్ సర్. ఇంకా?"

"ఆ డ్రైవరు తలుపు తీశాడో లేదో చెప్పలేదు. మొదటి భాగంలో వాళ్ళావిడ బయట ఉండిపోయింది కదా. మా ఆవిడ నాలుగేళ్ళు అదే అడిగింది. తీస్తాడనేది. ఇప్పుడావిడ లేదు. నేనైనా చూద్దామని వచ్చాను. చెప్పలేదు."

"మీరైతే తీస్తారా సర్?"

ఆయన మైకుకేసి చూశాడు.

"నేను తీయలేదమ్మా" అన్నాడు.

ఆ మాట అమ్మాయి సరిగ్గా వినలేదు. వినే తీరికా లేదు, వెనక ఇంకా జనం ఉన్నారు. "ఐదుకి ఎంత ఇస్తారు సర్?"

"మూడు" అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా ఆ వీడియో ముక్క ఫోన్లన్నీ ఎక్కి కూర్చుంది. 'నేను తీయలేదమ్మా' దగ్గర ఆయన మొహాన్ని ఆపి, కింద భయంకరమైన వాయిద్యం ఒకటి పెట్టి, వెంటనే 'మూడు' అనిపించారు. దాని కింద మళ్ళీ అభిప్రాయాలు. సినిమా కన్నా ఈ అంకులే నయమని ఒకరు, గాజు శాఖ మంత్రి అని ఒకరు, మూడో భాగానికి ఈయన చేతే కథ రాయించమని ఒకరు. నిజమే, ఆ తలుపేమైందిరా, అని దర్శకుణ్ణి నిలదీసినవాళ్ళూ చాలామందే ఉన్నారు. నేనూ చూశాను, నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

కొట్టుకొచ్చినవాళ్ళు బేరం కన్నా ముందు, "ఏమండీ, తలుపు తీశారా?" అని వేళాకోళమాడేవారు. ఆయన కొలత చెప్పమనేవాడు.

నాలుగోనాడు మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఆమె వచ్చే రోజు కాదది. చేతిలో డబ్బా లేదు. లోపలికొచ్చి, స్టూలు లాక్కుని, బల్లకి ఇవతల కూర్చుంది. ఆయన ఒక అలమర తలుపుకి అద్దం కొలుస్తున్నాడు.

"నాన్నా, ఆ తలుపు కథేంటి? మొత్తం చెప్పు."

"ఏ తలుపు?"

"నువ్వు మైకులో చెప్పింది. ఆ డ్రైవరు, వాళ్ళావిడ. కరిచేదెవరు, తలుపు వెయ్యాల్సిందెవరు, అన్నీ చెప్పు."

చెప్పాడు. ఆయన జన్మలో కూతురితో ఒక్కబిగిన అంతసేపు మాట్లాడి ఉండడు. కాటు, మణికట్టు, గడియ మీద చెయ్యి, తెర నల్లబడడం. తీస్తాడని మీ అమ్మ, తీయడని నేను. వింటున్నకొద్దీ కూతురి మొహం పాలిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అయ్యో. నాకు తెలీదు నాన్నా. నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

"ఆ రోజు అమ్మ మాట్లాడింది. నేనే నీకు చెప్పలేదు. నాన్న బయట ఉన్నాడు, పిలవనా, అన్నాను. రానివ్వకు, అంది. తలుపు వేసెయ్యమను, వస్తే కరుస్తానని చెప్పు, అంది." ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది. "నేను భయపడ్డాను. మందుల వల్ల మతి తప్పిందనుకున్నాను. లేకపోతే నీ మీద ఏదో కోపం ఉండి అలా అందనుకున్నాను. కరుస్తానంది అని నీకెలా చెప్పను? పైగా నువ్వు లోపలికి రాలేదని నా కోపం నాకుంది. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను."

అద్దాలాయన చేతిలో టేపు దానంతటదే చుట్టుకుని డబ్బాలోకి వెళ్ళిపోయింది.

"అన్నప్పుడు మొహం ఎలా ఉంది?"

"మూతికి మాస్కు ఉంది కదా. ఏం కనబడలేదు."

"కళ్ళు?"

కూతురు గుర్తు చేసుకుంది. "చిన్నవయ్యాయి" అంది. "మూసుకుంటోందనుకున్నాను. నిద్రొస్తోందేమోనని లేచి వచ్చేశాను."

"నాకు భయమేసిందే" అన్నాడాయన. పది నెలలుగా ఆయన నోట్లో ఉన్న మాట అదొక్కటే, అది బయటికి రావడానికి ఇంత కాలం పట్టింది. "ఆవిణ్ణి అలా చూడాలంటే భయమేసింది. అందుకే రాలేదు."

"ఆ సంగతి అమ్మకి తెలుసు నాన్నా."

వీధిలో బస్సు ఆగి, బయల్దేరి వెళ్ళింది. గోడకి ఆనించిన పలకలు కొద్దిగా అదిరి ఊరుకున్నాయి. ఆయన టేపు పక్కన పెట్టి, కూతురి ఎదురుగా బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. "ఆవిడ ఎలా అందో అలాగే."

అడిగినదాన్ని తండ్రి రెండోసారి అడగడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. చెప్పింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చెప్పింది. "తలుపు వేసెయ్యమను. వస్తే కరుస్తానని చెప్పు." మూడోసారికి ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నవ్వుతూనే, "కరిచేదే, అంతపనీ చేసేదే" అంటూ బల్ల మీదికి వాలిపోయి, దుప్పట్లో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు.