అరవై ఎనిమిదో నంబరు పెద్దమ్మ

నవంబరు నెల, గురువారం. పొద్దుటి నుంచి చేసిన పనులు: పాలు కాచి తోడు పెట్టడం, రెండు పూటలకు సరిపడా కూర తరగడం, వాషింగ్ మెషీన్ రెండు విడతలు, గ్యాస్ సిలిండర్ మార్చడం, కందిపప్పు ఎండలో పోయడం. ఐదు అయ్యాయి. ఆరోది, ఇస్త్రీకి బట్టలు లెక్కపెట్టి ఇవ్వడం. దుప్పట్లు రెండు, చొక్కాలు నాలుగు దాకా వచ్చేసరికి ఫోను మోగింది. కాప్రా నుంచి పెద్దమ్మ కూతురు.

"అక్కా, అమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగింది. జెర నడుం వాలుస్త అన్నది. గంతే."

ఇస్త్రీ అతను గుమ్మంలో నిలబడి "మొత్తం ఎన్నమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. నాకు లెక్క గుర్తుకు రాలేదు. మూట అలాగే తీసుకుపొమ్మన్నాను. పెళ్ళయిన తరువాత లెక్క చూడకుండా బట్టలు ఇవ్వడం అదే మొదటిసారి.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. పక్క క్వార్టర్ ఆవిడ. లాలాగూడ రైలు పట్టాలకు అవతల, నా చిన్నప్పుడు ఒక ఇనుప కార్ఖానా ఉండేది. అందులో రైలు డబ్బాలకు కావలసిన సామాను చేసేవారు. దాన్ని ఆనుకుని పనివాళ్ళ క్వార్టర్లు వరసగా ఉండేవి. రెండేసి ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. మా వంటింట్లో గరిటె జారి పడితే అవతలి నుంచి పెద్దమ్మ గొంతు వినిపించేది: "ఏం పలగ్గొట్టినవే?"

ఆ పేటలో గడియారం చూసుకునేవాళ్ళు తక్కువ. కార్ఖానా సైరన్ కూస్తే పొయ్యి ముట్టించేవారు, మళ్ళీ కూస్తే క్యారియర్ మూత బిగించేవారు. మూడోసారి కూసేటప్పటికి గేటు ముందు సైకిళ్ళే సైకిళ్ళు. గాలి మా వైపు తిరిగిన రోజున ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి రాలేది. పెద్దమ్మ బట్టలు ఆరేసే ముందు కొంగు చివర పైకెత్తి పట్టుకుని, అది ఎటు ఎగురుతుందో చూసి "ఇయాల కాదు" అనో "ఆరెయ్యుండ్రి" అనో ప్రకటించేది. ఆవిడ చెప్పాకే ఆ వరసలోని ఆడవాళ్ళంతా తీగల దగ్గరికి వచ్చేవారు.

పని చేసే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది. గుండ్రటి బిళ్ళ, దాని మీద ఇంగ్లీషు అంకెల్లో నంబరు, పైన చిన్న రంధ్రం. పొద్దున గేటు దగ్గర పలక మీది మేకు నుంచి తీసుకుని జేబులో వేసుకోవాలి, సాయంత్రం మళ్ళీ తగిలించాలి. మా నాన్నది ఎనభై తొమ్మిది. పెద్దమ్మ భర్త, పెదనాన్నది అరవై ఎనిమిది. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఇనుప రేకులను అదిమే ప్రెస్సుల మీద పని. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా, అందుకని మా క్వార్టర్లలో ఆడవాళ్ళు నంబర్లతో పిలుచుకునేవారు.

"ఏమే, ఎనభై తొమ్మిది వచ్చిండా?"

"ఇంకా లేదక్కా. అరవై ఎనిమిది వచ్చారా?"

"వచ్చిండు, తిన్నడు, పన్నడు. కూరల ఉప్పు తక్కువైందని మొకం గింత పెట్టుకొని పన్నడు."

మా అమ్మది గోదావరి వైపు ఊరు. "వచ్చారా, తిన్నారా" అని ఆవిడ మాట్లాడితే పెద్దమ్మ వెక్కిరించేది: "నీ ఎనభై తొమ్మిది ఒక్కడే గదనే, నువ్వు మాట్లాడితే నలుగురున్నట్టు కొడ్తది." నేను బడిలో చేరిన రోజు, నాన్న పేరేమిటని టీచరు అడిగితే ఎనభై తొమ్మిది అని చెప్పానట. ఆ మాట పెద్దమ్మ నా పెళ్ళిలో కూడా మా అత్తగారికి చెప్పి నవ్వించింది.

కుళాయి దగ్గర అమ్మా పెద్దమ్మా రోజూ పోట్లాడుకునేవారు. ఎవరి బిందె ముందు పెట్టారు, ఎవరి బట్టలు ఎవరి తీగ మీదికి వచ్చాయి, ఇవే గొడవలు. సాయంత్రానికి మళ్ళీ ఒకే మెట్టు మీద కూర్చుని బియ్యం ఏరుకునేవారు. నాకు ఆ పోట్లాట వినపడితేనే తెల్లవారినట్టు ఉండేది.

అది ఆగిపోయిన రోజు గురించి చెప్పాలి. అది చెప్పకుండా పెద్దమ్మ గురించి రాయడం కుదరదు.

నాకప్పుడు పదేళ్ళు. మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. కార్ఖానాలో కొత్తగా చేరిన వాచ్‌మన్ ఒకడు పరుగున వచ్చాడు. మా ఇళ్ళు అతనికి తెలియవు.

"పాపా, గీ నంబరాయన ఇల్లేది? చెయ్యి ప్రెస్సుల వడ్డది. దవాఖానకు తోల్కపోయిన్రు."

బిళ్ళ నా అరచేతిలో పెట్టాడు. రంధ్రం పైకి ఉండేలా పట్టుకుని చదవాలని మా క్వార్టర్లలో ప్రతి పిల్లకూ తెలుసు. నేను రంధ్రం చూడలేదు. అంచున అంటిన నెత్తురు చూశాను. అరవై ఎనిమిది అని చదివాను.

పక్కింటి తలుపు చూపించి, లోపలికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. "అమ్మా, ప్రెస్సులో చెయ్యి పడిందట. అరవై ఎనిమిది."

అమ్మ రోలు ముందు కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుంది. "అమ్మయ్య" అంది. చాలా సన్నగా అంది. వెంటనే తన నోటి మీద తానే చేత్తో కొట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దమ్మ ఇంటికి పరుగెత్తింది. గుండెలు బాదుకుంటున్న పెద్దమ్మ చెయ్యి పట్టుకుని "అక్కా, ఏం కాదు, నేనున్నాను" అంటూ దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ మంచం మీద ఉన్నది మా నాన్న. బిళ్ళ మీది నంబరు ఎనభై తొమ్మిది. నేను 89ని తలకిందులుగా, 68 అని చదివాను.

సాయంత్రం పెద్దమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. నాకు అన్నం కలిపి పెట్టి, "మీ నాయినకు దెబ్బ తగిలింది బిడ్డ. పానం మంచిగనే ఉన్నది. మూడు వేళ్ళు పోయినయ్" అని చెప్పింది. నేను తప్పు చదివానని ఏడిస్తే, "చదివితే చదివినవ్ తియ్యి. ఎవల నంబరైనా ఏడ్సేది మనమే గద" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ ధైర్యం.

నాన్న కుడిచేయి మానడానికి నెలలు పట్టింది. తరువాత ఆయనను గేటు దగ్గర కూర్చునే పనిలో వేశారు. ఆ నెలలన్నీ మా నీళ్ళు పెద్దమ్మే మోసింది. నాన్న చొక్కాలకు గుండీలు తీసి తాళ్ళు కుట్టింది, ఎడమ చేత్తో ముడి వేసుకోవడానికి వీలుగా. అమ్మ వద్దంటే వినేది కాదు. నేను అదంతా మంచితనం అనుకున్నాను. మంచితనమే. కానీ కుళాయి దగ్గర పోట్లాటలు ఆగిపోయాయి.

"నువ్వు పట్టుకోవే ముందు."

"కాదక్కా, మీరు పట్టుకోండి."

"నీకు పనుంటది, పట్టుకో."

ఇద్దరూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటుంటే నీళ్ళు మోరీలోకి పోయేవి. ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకునేవారు కాదు. మెట్టు మీద కూర్చోవడం కూడా తగ్గిపోయింది. ఎందుకో నాకు సగమే తెలుసు. మిగతా సగం తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కార్ఖానా మూతపడింది. సైరన్ ఆగిన మొదటి రోజు వరసంతా అన్నం ఆలస్యంగా వండింది. పెదనాన్న మాత్రం కొన్నాళ్ళు రోజూ వెళ్ళి మూసిన గేటు ముందు నిలబడి వచ్చేవాడు. "ఏం జేస్తడు, కాళ్ళకు గా తొవ్వ ఒక్కటే ఎరుక" అనేది పెద్దమ్మ. తరువాత క్వార్టర్లు ఖాళీ చేయించారు. మేము బోయిగూడలో అద్దెకు వెళ్ళాం. వాళ్ళు కూతురితో కాప్రా వెళ్ళారు. ఇప్పుడు అక్కడ పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంట్లు ఉన్నాయి. ఒకసారి ఆటో ఆపి దిగి చూస్తుంటే, సెక్యూరిటీ అతను "ఏ ఫ్లాట్ మేడం?" అని మర్యాదగానే అడిగాడు. నేను మళ్ళీ ఆటో ఎక్కాను.

నాన్న, పెదనాన్న ఒకరి తరువాత ఒకరు పోయారు. మూడేళ్ళ కింద అమ్మ పోయింది. పదకొండో రోజున పెద్దమ్మ వచ్చి ఒక మూల కూర్చుంది, ఏమీ తినలేదు. నెల తరువాత నేను కాప్రా వెళ్ళినప్పుడు తలుపు దగ్గరికి వేయించి చెప్పింది.

"దవాఖానల మంచం మీద మీ నాయినను సూసిన బిడ్డ. మా ఆయన కాదని తెల్వంగనే నా నోట్లకెల్లి అమ్మయ్య అని వచ్చింది. గట్టిగనే వచ్చింది. నా చెయ్యి ఇంకా మీ అమ్మ చేతులనే ఉన్నది. ఆమె ఇన్నది. ఆమె మొగడు నెత్తురుల ఉంటే నేను అమ్మయ్య అన్న. గామెకు నేను బాకీ ఉన్న. నీళ్ళు మోస్తె తీరుతదా అది?"

నాకు రోలు ముందు కూర్చున్న అమ్మ కళ్ళ ముందు కనబడింది. చెప్పవలసింది అప్పుడే. కానీ అమ్మ పోయి నెలే అయింది. ఆవిడ ఎవరికీ వినపడలేదనుకున్న మాటను, ఆవిడ లేనప్పుడు బయటపెట్టడం నాకు చేతకాలేదు. "అమ్మ ఏమీ అనుకోలేదు పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ నమ్మలేదు. "అనుకోకుంటే కొట్లాడేది గద నాతోని" అంది.

ప్రతి నెలా రెండో శనివారం కాప్రా వెళ్ళేదాన్ని. తీసుకువెళ్ళవలసినవి చీటీ మీద రాసుకునేదాన్ని: నిమ్మకాయ పచ్చడి, మోకాళ్ళకు నూనె, మెత్తటి బిస్కెట్లు. చెప్పవలసిన మాట చీటీలో లేదు కనుక మరచిపోయానని అనుకునేదాన్ని. మరచిపోలేదు. అమ్మ వైపు నిలబడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి రెండు వైపులా ఎవరికీ అక్కరకు రాలేదు.

దసరా తరువాత పెద్దమ్మ మంచం పట్టింది. కాలు వాచింది, మాట మధ్యలో ఆయాసం. నన్ను చూడగానే అదే అడిగింది. "నిజం చెప్పు బిడ్డ. మీ అమ్మ నన్ను ఎన్నడన్న తిట్టిందా?"

ఇక ఆగలేకపోయాను. రోలు, వంటిల్లు, నేను మోసుకెళ్ళిన నంబరు, అమ్మ కళ్ళు మూసుకుని అన్న మాట, నోటి మీద కొట్టుకోవడం, అన్నీ చెప్పాను. అమ్మే ముందు అందని చెప్పాను.

పెద్దమ్మ గోడ వైపు తిరిగింది. "మీ అమ్మ బతికున్నప్పుడు చెప్తే ఏం పోయిందే నీకు?" అంది. "ఒక్క మెట్టు మీద కూసునేటోళ్ళం. ఇంక పో ఇయాల."

బస్సులో ఇంటికి వచ్చాను. ఆ వారం ఏ పనీ సరిగా జరగలేదు. ఒకే కూర రెండు రోజులు వరసగా వండాను. అటు అమ్మ పరువు తీశాను, ఇటు పోయే ముందు మనిషిని ఏడిపించాను అనిపించింది.

పోయిన ఆదివారం పెద్దమ్మ కూతురు ఫోను చేసింది. "అక్కా, ఏం చెప్పినవో ఏమో, మూడు దినాలు పలకలే. ఇప్పుడేమో ఒక్కతె నవ్వుకుంటుంది. నిన్ను బుక్కు పట్టుకొని రమ్మంటుంది." నా ఇంటి లెక్కల పుస్తకం సంగతి పెద్దమ్మకు తెలుసు.

వెళ్ళాను. దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది, ఆ నవ్వులోనే దగ్గు వచ్చింది.

"మీ అమ్మ ఏమో అక్కా అక్కా అనుకుంట నన్ను నడిపిచ్చుకపోయింది. లోపలేమో దొంగ! నేను సుత దొంగనే. ఇద్దరు దొంగలు మర్యాద చేసుకుంట ఎన్ని నీళ్ళు మోరీల పోసిన్రు, సూడు."

"నా మీద కోపం పోయిందా పెద్దమ్మా?"

"యాడ పోతది? ఉన్నది. ఉండనియ్యి, నీకు మంచిదే. ముందు బుక్కు తియ్యి."

తీశాను. ఏమని రాయాలని అడిగాను.

"నేను మీ అమ్మకు బాకీ లేను. మీ అమ్మ నాకు బాకీ లేదు. గంతే రాయి. నంబర్లు పెట్టకు, పేర్లు పెట్టు. మా పేర్లు."

ఇద్దరి పేర్లూ రాశాను. పెద్దమ్మకు చదువు రాదు. వేలు కాగితం మీద పెట్టి, "గిది నేనా?" అంది. ఔనన్నాను. వేలు పక్కకు జరిపింది. "గిది మీ అమ్మనా?" ఔనన్నాను. వేలు వెనక్కి వచ్చి మధ్యలో ఆగింది.

"నడుమ గా సుక్కేంది?"

"కామా పెద్దమ్మా. రెండు పేర్లు రాసినప్పుడు మధ్యలో పెడతారు."

"తీసెయ్యి. మా నడుమ ఏం వద్దు."

కామా కొట్టేశాను. ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. వాటి కింద రాశాను: బాకీ లేదు.