రైట్ అన్నదెవరు?

ఒట్టు! ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ చేతులు మళ్లీ స్టీరింగు పట్టకూడదు. నవ్వండి, నవ్వండి... ఆ రాత్రి మీరుంటే తెలిసేది.

మా చోడవరం నాయుడుగారికి పాత బండ్ల పిచ్చి. బెల్లం గిడ్డంగి ఖాళీ చేయించి, యుద్ధకాలపు విమానం రెక్కముక్క, పాత మోటార్లు, యంత్రాలు అన్నీ అందులో పెట్టారు. ఊళ్లవాళ్లు వచ్చి వింతగా చూసిపోయేవారు. వాటి మధ్యనే నా బొగ్గు బస్సు! యుద్ధంలో పెట్రోలు దొరక్క, బొగ్గు రాజేసి ఆ పొగతో వడ్డాది దాకా నడిపిన బస్సు. కండక్టరు పైడయ్య ఇత్తడి ఉంగరం చేత్తో రేకు మీద కొట్టి "రైట్" అంటేనే కదిలేది, "హోల్డాన్" అంటేనే ఆగేది. నాకు తమ్ముడికన్నా ఎక్కువ వాడు. జ్వరమొచ్చి పోయాడు.

"రేపటికి స్టార్టు అవకపోతే తుక్కోడికి ఇచ్చేస్తాన్రా," అనేశారు నాయుడుగారు. నా ప్రాణం ఉసూరుమంది.

దీపాలు పెట్టే వేళకి మా బావ అప్పన్నా, నేనూ బొగ్గు రాజేశాం. బావ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పుతున్నాడు. నేను సీట్లో. గుర్... గుర్... ఆగిపోయింది. మళ్లీ గుర్... మళ్లీ అంతే.

"ఇంక నా వల్ల కాదురా బావా, సేతులు పడిపోతన్నాయి."

నాకు ఏడుపొచ్చింది. దిగిపోదామనుకున్నాను...

టంగ్... టంగ్.

వెనక రేకు మీద. రెండు దెబ్బలు. ఉంగరం చెయ్యి...

"రైట్... రైట్!"

ఆలోచించానా? లేదు! అలవాటు. నా కాలు నొక్కేసింది. బావ చెయ్యి తిప్పేసింది. బస్సు గర్రుమని లేచింది! ఒళ్లు పులకరించిపోయింది.

"కొట్టేసేం బావా!" అని అరిచాను.

బావ నవ్వలేదు. "ఎనకాల ఎవులురా?"

లాంతరు పట్టుకుని వెళ్లాం. గిడ్డంగి తలుపుకి లోపల మేం వేసిన గడియ వేసినట్టే ఉంది. ఎవరూ లేరు.

చప్పుడు విని నాయుడుగారు పంచె సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చి తలుపు బాదితే గడియ తీశాం. "ఇంక తుక్కోడికి ఇవ్వను, బస్సు ఎక్కడికీ పోదురా!" అన్నారు. మా మాట విని మాత్రం, "బొగ్గు పొగ తలకెక్కింది మీకు," అని తేల్చేశారు. అయ్యుండొచ్చు. ఇద్దరికీ ఒకే మాట వినపడుతుందా?

బావ ఇప్పటికీ అడుగుతాడు: "రైట్ అన్నాడు సరే. హోల్డాన్ అనలేదేట్రా?"

నాకేం తెలుసు! ఆ బస్సు ఇంజను ఆపేటప్పుడు నేను మాత్రం హోల్డాన్ అనను, అంటే దిగి వెళ్లిపోతాడేమోనని. పైడయ్యే అయితే ఉండనీ. కాకపోతే... ఏమో!