ఐస్‌క్రీం పొగకు ఈల ఊదినవాణ్ణి

హైవే మీద ఒక పెద్ద హోటల్‌ను, మిట్ట మధ్యాహ్నం, జనం ముద్ద నోట్లో పెట్టుకునే వేళ, ఒక్క ఈలతో ఖాళీ చేయించినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి. వంటవాళ్లు, లారీ డ్రైవర్లు, గల్లాపెట్టె దగ్గరి మేనేజరు, నాకు పిల్లనివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, అందర్నీ ఎంగిలి చేతులతో రోడ్డు మీద నిలబెట్టాను. పాము కరిచినవాడు తాడును చూసి భయపడతాడంటారు. నన్ను ఏ పామూ కరవలేదు. అయినా తాడును చూసి ఊరు ఊరంతా ఖాళీ చేయించాను.

ఆ రోజుల్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల రసాయనాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. కొత్తగా సేఫ్టీ దళంలోకి తీసుకున్నారు. గ్యాస్ లీకైతే ఏం చేయాలో నేర్పించి, ఒక బ్యాడ్జీ, ఒక ఈల ఇచ్చారు. మహారాజుకు కిరీటం పెట్టినా అంత మురిసిపోడు. ఈల తాళాల గుత్తికి తగిలించుకుని పెళ్లిళ్లకు కూడా పట్టుకెళ్లేవాణ్ణి. మా ఊళ్లో ఎవరింట్లోనైనా పొయ్యి రాజుకోక పొగ లేస్తే అక్కడ నేను ప్రత్యక్షం.

సరిగ్గా అప్పుడే సంగారెడ్డి నుంచి సుజాత సంబంధం వచ్చింది. ఫోటో చూసిన రోజే నా మనసు అటు మొగ్గింది. నిజం చెప్పాలంటే మొగ్గలేదు, పడిపోయింది. చిక్కల్లా వాళ్ల నాన్న రాజయ్యతోనే. సంగారెడ్డిలో బట్టల దుకాణం ఆయనది. పిల్లవాడు నచ్చాడు, ఇల్లు నచ్చింది, కంపెనీయే నచ్చలేదు. "గ్యాసుల నడుమ బతికెటోనికి నా బిడ్డనెట్ల ఇయ్యాలె? యాళ్లకు ఇంటికొస్తడో రాడో!" అని మధ్యవర్తి దగ్గర మొరాయించాడు. ఆఖరికి ఒకసారి కూర్చుని మాట్లాడదామని ఒప్పుకున్నాడు, "మీ కంపెనీ వాసన తగలని జాగల" అనే షరతు మీద.

అందుకే ముత్తంగి దాటాక హైవే పక్కన కొత్తగా తెరిచిన హోటల్‌కు రమ్మన్నాను. ఆ హోటల్ పేరు చెప్పను. పాపం, వాళ్లు నాకేం అపకారం చేశారు? కోస్తా నుంచి వచ్చినవాళ్లు నడిపేవారు. బయట బోర్డు మీద ఒకవైపు ఆవిర్లు కక్కే అన్నం, మరోవైపు ఎర్రటి చెర్రీ పెట్టిన ఐస్‌క్రీం బొమ్మ. మా నాన్న లేడు కాబట్టి పెద్దరికానికి అమ్మ వచ్చింది. ఎదురుగా రాజయ్య, ఆయన పక్కన తల దించుకుని సుజాత.

పప్పు వడ్డించిన దగ్గర్నుంచి పెరుగు దాకా నేను నోరు మూయలేదు. "సార్, మీకేం ఫికర్ వద్దు. గ్యాస్ వస్తే గాలి ఎటు కొడుతున్నదో సూడాలె. ముక్కుకు తడిబట్ట కట్టాలె. కింద పాకే గ్యాస్ అయితే తల మీదికి పెట్టాలె. అందర్ని బయటికి తోలి, ఆఖరుకు మనం రావాలె. నేను దళంల ఉన్న."

రాజయ్య గోంగూర కలుపుకుంటూ, "గట్లనా" అన్నాడు. ఆ "గట్లనా"లో నమ్మకం ఆవగింజంత కూడా లేదు.

అమ్మ నా తొడ గిల్లింది. "తిననియ్యిరా సత్తిగా. పెండ్లి మాటలకొస్తే గ్యాస్ ముచ్చట్లేంది?"

ఇంతలో సర్వరు గాజు కప్పుల్లో వెనిలా ఐస్‌క్రీం తెచ్చి అందరి ముందూ పెట్టాడు. సుజాత మొదటిసారి తలెత్తింది. నన్ను చూడ్డానికి కాదు, ఐస్‌క్రీంను చూడ్డానికి. అయినా నాకు సంతోషమే. చెంచా ఎత్తాను. అప్పుడు కనిపించింది.

కౌంటరు వెనక నుంచి తెల్లటి పొగ. దట్టంగా, నేలబారున, చప్పుడు లేకుండా మా బల్ల వైపే పాకుతూ వస్తోంది. ట్రైనింగ్‌లో బొమ్మ గీసి చూపించింది అచ్చం అదే! నా ఒంట్లో రక్తం ఉరకలెత్తింది. భయంతో అనుకున్నారా? కాదు, ఆనందంతో. ఇన్నాళ్లూ ఈ గ్యాస్ ఎక్కడ దాక్కుందిరా దేవుడా, సరైన సమయానికి పంపావు అనుకున్నాను. ఈల నోట్లో పెట్టి ఊదాను.

"గ్యాస్! గ్యాస్! ఎవ్వరు పరేషాన్ గావద్దు! అందరు లేవుండ్రి! కుర్చీలెక్కుండ్రి!"

"కుర్చీలా?" అంది అమ్మ.

"కింద పాకే గ్యాస్ అమ్మా! ఎక్కు!"

పాపం, సగం మంది ఎక్కారు. ఎక్కాక గుర్తొచ్చింది, బయటికి పోవాలి కదా అని. "దిగుండ్రి! బయటికి ఉరుకుండ్రి!" అని మళ్లీ ఊదాను. పక్క బల్ల దగ్గర తలపాగా డ్రైవరు రొట్టె పట్టుకుని, "క్యా హువా భాయ్?" అన్నాడు. "గ్యాస్! భాగో!" అన్నాను. ఆయన రొట్టెతో సహా పరుగెత్తాడు.

తడిబట్ట కావాలి. నీళ్ల జగ్గు ఖాళీ. ఎదురుగా రాజయ్య మజ్జిగ గ్లాసు కనిపించింది. నా భుజం మీది తువ్వాలును అందులో ముంచి, కాబోయే మామగారి ముక్కూ మూతీ కలిపి బిగించి కట్టేశాను. తువ్వాలు లోపల నుంచి ఆయన ఏదో అన్నాడు. ఆశీర్వాదం మాత్రం కాదు.

మేనేజరు చేతులు అడ్డం పెట్టాడు. "అయ్యా బాబూ, ఆగండి! అది గ్యాసు కాదండీ..."

"మీకు వాసన తెల్వదు సార్! వాసన రాని గ్యాసే డేంజర్!" అని ఆయన్ను కూడా బయటికి తోశాను. వంటగదిలోకి దూరి వంటవాళ్లను తరిమాను. ఒకాయన చేతిలో గరిటె, ఇంకొకాయన చేతిలో సగం తరిగిన సొరకాయ.

బయటికొచ్చాక గుప్పెడు మట్టి గాల్లోకి ఎగరేశాను. గాలి హోటల్ మీద నుంచి మా వైపే కొడుతోంది. "అవతలికి! అందరు రోడ్డు దాటుండ్రి!" ఈల ఊది హైవే మీద లారీలు ఆపాను. మా అమ్మ చెయ్యి పైకెత్తి, పెరుగన్నం మెతుకులతో రోడ్డు దాటుతూ, "చెయ్యన్న కడుక్కోనియ్యకపోతివి కదరా!" అని ఏడుపు మొహం పెట్టింది. ఆపిన లారీల్లోంచి డ్రైవర్లు దిగి వాళ్లూ మాతో నిలబడ్డారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. ఈలకున్న విలువ అది!

మీరు నవ్వండి, నాకేం? ఒక్కరికి గీత పడలేదు, ఒక్కరూ తొక్కిసలాటలో పడలేదు. మా కంపెనీలో ఉత్తుత్తి డ్రిల్లు కూడా ఏనాడూ అంత శుభ్రంగా జరగలేదు. ఛాతీ విరుచుకుని తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అమ్మ ఉంది. రాజయ్య ఉన్నాడు, మూతికి కట్టిన తువ్వాలు మీద మజ్జిగ కరివేపాకుతో. గరిటె ఉంది, సొరకాయ ఉంది, రొట్టె ఉంది.

సుజాత లేదు.

ఊరందరినీ కాపాడాను, నేను కట్టుకోవాలనుకున్న పిల్లను లోపలే మరిచిపోయాను! రాజయ్య తువ్వాలు లాగేసి, "నా బిడ్డ ఏదిరా?" అని కేక పెట్టాడు. మళ్లీ రోడ్డు దాటి, ఊపిరి బిగబట్టి, మెడ కొంగలా సాచి లోపలికి దూకాను.

సుజాత కూర్చున్నచోటే ఉంది. ముందర మూడు కప్పులు ఖాళీ. నాలుగో దాంట్లో చెంచా ఆడుతోంది. నాలుగోది నాది.

"జల్దీ లే! గ్యాస్!" అన్నాను, బిగబట్టిన ఊపిరి వదిలేస్తూ.

"గది గ్యాస్ గాదు. ఐస్‌క్రీం కరగకుండ డబ్బల పెట్టే ఐసు గడ్డల పొగ. మా చిన్నమ్మ బిడ్డ పెండ్లిల సూసిన. ఆ సర్వరు మిగిలిన గడ్డలు నీళ్ల బకెట్‌ల ఏసిండు."

"మరి అప్పుడే చెప్పకపోయినవేంది?"

"ఈల ఆపితే గద చెప్పెటందుకు!" అంది. ఇంకో చెంచా తిని, "అందరు వద్దని ఉరికిన్రు. కరిగిపోతదని తిన్న. మీది గూడ సగమైంది" అని కప్పు నా వైపు జరిపింది.

అంతలో మేనేజరు వెంట అందరూ లోపలికొచ్చారు. "కరెంటు కోతలకి ఫ్రీజరు పనిచేయట్లేదండీ. అందుకని సిటీ నుంచి ఐస్‌క్రీం ఆ డ్రై ఐస్ గడ్డల్లో పెట్టి తెప్పిస్తున్నామండీ. అదే చెప్పబోతుంటే..." అని ఆయన దాదాపు ఏడ్చేశాడు. రాజయ్య మూతి తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూశాడు. సంబంధం తప్పిపోయిందని నాకు అర్థమైంది. సగం ఐస్‌క్రీం చేతిలో పట్టుకుని నిలబడ్డాను, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

"పిలగా," అన్నాడు ఆయన, "కంపెనీల అసలు గ్యాసే వస్తే ఏం జేస్తవు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఇంతకన్న జల్దీ ఉరుకుత సార్."

ఆయన మా అమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, అన్నం ఉడికిందా లేదా అని కుండంత పిసుకుతమా? ఒక్క మెతుకు సాలు. ఐస్‌క్రీం పొగకే హైవే దాటినోడు, గ్యాస్ దగ్గర నిలబడి సస్తడా? నా బిడ్డ పసుపుకుంకుమలకు ఢోకా లేదు. ముహూర్తం పెట్టిద్దాం."

దీన్ని కొందరు వెక్కిరింపు అంటారు. మా ఆవిడైతే ఇప్పటికీ అలాగే అంటుంది. నేను మాత్రం నా జీవితంలో అందుకున్న గొప్ప ప్రశంసగానే లెక్కేసుకున్నాను. ఆయన మాటా నిలబడింది. ఉద్యోగం విరమించేదాకా ఏ రోజూ గీత పడకుండా ఇంటికొచ్చాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా, మా కులదైవం సాక్షిగా, ఆ మజ్జిగ తువ్వాలు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ హోటల్లోనైనా ఐస్‌క్రీం బల్ల మీదికొచ్చాక, పొగ రానీ, మంట రానీ, పైకప్పే ఊడిపడనీ, ముందు నా కప్పు ఖాళీ చేసి, ఆ తర్వాతే ఈల ఊదుతాను. సుజాత పక్కన కప్పు వదిలేసి లేచే తప్పు మాత్రం ఈ జన్మలో మళ్లీ చేయను.