జట్టుపెద్ద వాటా

మా మావ కుడికాలి బొటనవేలు మా ఇంట్లో అందరికంటే పెద్దమనిషి. దానికి కోపమొస్తే ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించాల్సిందే. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో, అరవైల చివర్లో, దానితో నాకు పరిచయమైంది. వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే నులకమంచం మీంచి ఒకటే కేక. పరిగెత్తి వెళ్ళి చూద్దును కదా, వేలు ఎర్రగా, దోసపండులా ఉబ్బి ఉంది. దాని మీద ఈగ వాలిందట. ఆ కేక ఈగ కోసం.

మాది రామతీర్థం దగ్గర పల్లె. మా మావ తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. గుండె మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని జట్టంతా గుండ్రంగా తిరుగుతూ ఎగురుతుంటే అందరికంటే ముందు ఎగిరేది ఆయనే. ఏటా వేసవిలో అమ్మవారి సంబరం నాడు ముందు నిలబడి ఆడినవాడికి వేటపోతు తలకాయ, కాళ్ళు, కార్జం పళ్ళెంలో పెట్టి ఊరందరి ముందూ ఇస్తారు. అది కట్టుబాటు. మాంసం కోసం కాదమ్మా, మర్యాద కోసం అనేవాడు మావ. మాంసం కోసం కూడా అని నాకు తెలుసు.

సరిగ్గా సంబరం రెండు నెలల్లో ఉందనగా వేలు వాచింది. ఆయన ఆడలేకపోతే ముందు నిలబడడానికి మా అత్త తమ్ముడు గజ్జెలు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. మావకి నొప్పి కంటే ఆ గజ్జెల చప్పుడే ఎక్కువ బాధపెట్టింది.

కాలు నొప్పికి కాళ్ళ పులుసు తాగాలని మా వైపు గట్టి నమ్మకం. కాలికి కాలే మందు. అత్త మేకకాళ్ళు కాల్చి, గీకి, మిరియాలు దంచి వేసి కుండలో మరిగించేది. పరామర్శకొచ్చే చుట్టాలు అరటిపళ్ళు తెచ్చేవారు కాదు, కాళ్ళు తెచ్చేవారు. అందరికంటే ఎక్కువ తెచ్చింది ఆ తమ్ముడే. “తాగు బావా, సంబరానికి లేడిపిల్లలా గెంతుతావు,” అని దగ్గర కూర్చుని తాగించేవాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. నంజుకోవడానికి భావనపాడు పక్కనుండే మా కన్నవారు పంపిన ఎండు నెత్తళ్ళ వేపుడు. పొద్దున్నే చెట్టు దిగిన తాటికల్లు సరేసరి. ఇంత మందు పడుతున్నా వేలు ఇంకా వాచింది. “మందు సాలట్లేదు,” అని అత్త ఇంకో జత కాళ్ళు తెప్పించింది.

చివరికి బండి కట్టి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఏం తింటావని డాక్టరమ్మ అడిగింది. మావ పెళ్ళివిందు చెప్పినట్టు హుషారుగా అన్నీ చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, “నువ్వు మందనుకుంటున్నదే నీ రోగానికి మేత,” అంది. తలకాయ, కాళ్ళు, కార్జం, ఎండు చేపలు, కల్లు. ఇవి ఎక్కువైతే కొందరి ఒంట్లో యూరిక్ యాసిడ్ పెరుగుతుందట. అది పూర్తిగా బయటికి పోక కీళ్ళలో సూదుల్లా పేరుకుంటుందట. మాత్రలిచ్చి, అవన్నీ మానమని, నీళ్ళు బాగా తాగమని చెప్పింది. ఎండు చేపల మాట రాగానే, రోగం నా పుట్టింటి నుంచే బుట్టలో వచ్చినట్టు అత్త నాకేసి చూసింది. నాకు ఒళ్ళు మండింది.

మావ మాత్రలు మింగాడు. మిగతావాటికి వాదన పెట్టుకున్నాడు. “నీళ్ళు తాగమన్నాదా, లేదా? తాటిసెట్టు నీళ్ళు నీళ్ళు కావేటే?” అని అత్తతో. “నెత్తల్లి వేలెడంత లేదు, అదేటి సేస్తాదమ్మా?” అని నాతో. అత్త కొన్నాళ్ళు అరిచింది. తరవాత ఒక రోజు అరవడం మానేసి, దూలానికి వేలాడే మావ గజ్జెలు దించి కొంగులో మూట కట్టింది.

“ఎక్కడికే?” అన్నాడు మావ.

“మా తమ్ముడికిచ్చేస్తన్నాను. నువ్వు పులుసు తాగు, ఆడు ఆడతాడు.”

మావ ఆ మూట లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి కల్లుముంత బోర్లా పడింది. చోడి అంబలి, మజ్జిగ, ఆనపకాయ కూర. చెంబు తరవాత చెంబు నీళ్ళు, చెంబు చెంబుకీ పెరట్లోకి పరుగు. ఆ పరుగు చూసే, కాలు బాగుపడుతోందని మాకు తెలిసింది. ఆనపకాయ ముందు ఆ ముఖం చూస్తే మాత్రం నిజంగా జాలేసేది.

సంబరం నాడు మావే ముందు నిలబడి ఆడాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆట అయ్యాక పళ్ళెం వచ్చింది. మావ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఒక్కసారి గట్టిగా వాసన పీల్చాడు. తరవాత పక్కకి తిరిగి బామ్మర్ది చేతిలో పెట్టాడు. “ఒరే, నా మీద పేమతో ఎన్ని కాళ్ళు తెచ్చావురా! ఇకనుంచి ఏటేటా ఈ వాటా నీదే. నేను సూస్తండగా తినాల.” ఊరంతా మావది ఎంత పెద్ద మనసని మెచ్చుకుంది. ఆ మనసులో ఏముందో అత్తకీ నాకూ తెలుసు.

నాలుగైదు సంబరాలు గడిచాయి. ఒక పొద్దున బండిలోంచి ఆ బామ్మర్ది కర్ర పట్టుకుని కుంటుతూ దిగాడు. కుడికాలి బొటనవేలు, దోసపండు. మావ అతన్ని అదే నులకమంచం మీద కూర్చోబెట్టి, వేలిని అటూ ఇటూ చూసి, వంటింటికేసి కేకేశాడు. “అమ్మా కోడలా, బామ్మర్దికి కాళ్ళ పులుసు పెట్టు!” లోపలినుంచి అత్త గరిటె విసిరింది.

మావ నవ్వి నవ్వి, పెద్ద చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చాడు. “తాగరా. నా ఎనకాల నువ్వు ఎగరకపోతే, నేను ముందెగిరి ఏటి లాభం?”

ఆ ఏడు ఇద్దరూ ఆడారు. పళ్ళెం వచ్చింది. ఇద్దరూ దానికేసి చూసి, ఒకరికేసి ఒకరు చూసుకుని, ఆఖరికి నాకేసి చూశారు.

నా వేళ్ళు బాగానే ఉన్నాయి. కార్జం చాలా బాగుంది.