పంకజాక్షమ్మ బోణీ బేరం

తప్పు నాదే. ఆ పొద్దు నేను అణా పెట్టి పిప్పరమెంట్లు కొనకపోయి ఉంటే, పంకజాక్షమ్మత్త బళ్లారి బజారు నడుమ అంత రభస చేయాల్సి వచ్చేది కాదు. నవ్వులాటకే చేశాను. చివరికి నవ్వింది మాత్రం వీధిలో వాళ్ళు.

పంకజాక్షమ్మ బెల్లం, చక్కెర అమ్మే మనిషి. మొగుడు పోయాక అంగడి తానే చూసుకుంటోంది. ఊరందరికీ తీపి తూచి ఇస్తుంది గానీ, తన వేలికంటిన బెల్లాన్ని మాత్రం కొంగుకు తుడుచుకోవాల్సిందే. నడివయసులో చక్కెర జబ్బు వచ్చి కూర్చుంది. రోజూ పొద్దున్నే గాజు సిరంజీని, సూదిని గిన్నెలో ఉడకబెట్టి, తొడ మీద తానే పొడుచుకుంటుంది. ఇన్సులిన్ బుడ్డి ఎండకు చెడిపోకుండా, తడి ఇసుకలో పూడ్చిన ముంతలో దాచుకుంటుంది.

సూది నొప్పి మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. ధర గురించి మాత్రం, వినే చెవి ఒకటి దొరికితే చాలు. ఒక్క బుడ్డి వెలకు ఇంటికి వారానికి సరిపడా జొన్నలు వస్తాయి. పోనీ ఆ ధరైనా ఒక చోట నిలుస్తుందా? అదీ లేదు.

"సూయజ్ కాలవ మూసినారంట తల్లీ! మందు తెచ్చే ఓడలన్నీ చుట్టు తిరుక్కోని వస్తాండాయి. నేనేం చేసేది?" అనేవాడు మందుల అంగడి వీరభద్రప్ప.

"మన సిరుగుప్ప కాలవ తెరిచినప్పుడు తగ్గించినావా, అదెక్కడిదో మూస్తే పెంచేకి?" అనేది పంకజాక్షమ్మ.

వాదనతో పని కాదని తేలాక, తనకు తెలిసిన విద్యనే బయటికి తీసింది. పొద్దున తొలి బేరం బోణీ. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా గల్లాపెట్టె నిండదని బజారులో ఎవరిని అడిగినా చెబుతారు. వీరభద్రప్ప అంగడి తెరిచి, ఊదుబత్తి వెలిగించి, దండం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి మెట్టు మీద పంకజాక్షమ్మ ఉండేది, పాత ధర కొంగున కట్టుకుని. ఆయన పళ్ళు నూరుకుంటూనే బుడ్డి ఇచ్చేవాడు. ఇవ్వక ఏం చేస్తాడు?

ఈ సంగతి తెలిసే నేను ఆమెకన్నా ముందుగా ఆ అంగడికి పోయి, పిప్పరమెంట్లు కొని బోణీ చేశాను. అత్త మొహం ఎలా పెడుతుందో చూడాలని సరదా. ఆమె రోజూ సగం మందే పొడుచుకుంటూ పాత బుడ్డిని ఈడ్చుకొచ్చిందనీ, అదీ అయిపోయిందనీ నాకేం తెలుసు? ఆ పొద్దు ఆమె నాలుక పిడచకట్టుకుపోయింది. కాళ్ళు పీకుతుంటే కనపడిన అరుగు మీదల్లా కూర్చుని, లేచి, కోపంతో నడిచింది. అంత నడిచి వచ్చేసరికి వీరభద్రప్ప మొహం వెలిగిపోతోంది.

"బోణీ అయిపోయింది తల్లీ! ఈ పొద్దు ధరంటే ధరే."

"ఎవరు చేసినారు?"

ఆయన గడ్డంతో నన్ను చూపించాడు. పంకజాక్షమ్మ కొంగు ముడి చేతితో తడుముకుంది. అందులో పాత ధర తప్ప పైన చిల్లిగవ్వ లేదు. ఈ బుడ్డి లేకుండా ఇంటికి పోతే రేపు ఇంత దూరం నడిచే ఓపిక ఉంటుందో లేదో ఆమెకే నమ్మకం లేదు. నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఏం కొన్న్యావ్ రా?"

"పిప్పరమెంట్లు, అత్తా."

"తిన్న్యావా?"

"ఒకటి నోట్లో ఉండాది."

"అది గూడా తీసి పొట్లంలో పెట్టు. వెనక్కిచ్చి నీ అణా తీసుకో. అవి నీకు నచ్చలేదు."

"బాగానే ఉండాయి కదత్తా..."

"నచ్చలేదు రా!"

ఆ గొంతు వినేసరికి అవి నాకు నిజంగానే నచ్చకుండా పోయాయి. నోట్లోది కూడా తీసి, విప్పిన పొట్లంలో వేసి బల్ల మీద పెట్టాను. వీరభద్రప్ప దాన్ని పామును చూసినట్టు చూసి లేచి నిలబడ్డాడు.

"శివనే! బోణీ దుడ్డు వెనక్కిచ్చేదా? బ్యాడమ్మా, వద్దు! ఈ పొద్దే కాదు, నెలంతా నా అంగడి మునుగుతాది!"

"అయితే వాని బోణీ నువ్వే పెట్టుకో. నా బుడ్డి పాత ధరకు ఇయ్యి. లేదా వాని అణా వాని చేతిలో పెట్టు. ఏదో ఒకటి చెప్పప్పా, నేను నిలబడలేను."

ఎదుటి సోడా అంగడి దగ్గర నలుగురు పోగై నవ్వుతున్నారు. వీరభద్రప్ప వాళ్ళను చూశాడు, గల్లాపెట్టెను చూశాడు, నోటి తడితో మెరుస్తున్న పిప్పరమెంటును చూశాడు. పెట్టెలోంచి బుడ్డి తీశాడు.

"తీసుకోని పో తల్లీ! నీతో మాట్లాడి మాట్లాడి నాకే చక్కెర కాయిల వచ్చేటట్లుండాది."

"రానీప్పా. అప్పుడన్నా ధర తెలుస్తాది."

బుడ్డిని తడిగుడ్డలో చుట్టుకుని ఆమె మెట్టు దిగింది. ఎండ అప్పుడే చుర్రుమంటోంది. నేను పక్కన చేరాను. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"చూసినావా అత్తా? నా పిప్పరమెంట్ల వల్లనే కదా పని అయ్యింది!"

పంకజాక్షమ్మ ఆగి, ఊపిరి తీసుకుంది.

"నువ్వు లేకుంటే ఈ పాటికి సూది పొడుచుకోని, ఇంత సంగటి గూడా తిని ఉంటి. ఈ పక్కకు రా, బుడ్డికి ఎండ తగుల్తాండాది. నువ్వు దేనికీ పనికిరాకున్నా నీ నీడన్నా పనికొస్తాది."