కింద ఇంకో బటన్

పినపాక దగ్గర ఓ బాలికల బడిలో నేను పీఈటీని. నిరుడు పిల్లల కబడ్డీ లీగ్ వాళ్లు వెబ్‌సైట్ మార్చారు. పాతదాంట్లో జట్టు పిల్లల ఫొటోలు ఎక్కిస్తే చాలు, పేర్లు నమోదైపోయేవి. అలవాటుగా గుట్టెక్కి, సిగ్నల్ దొరికినచోట నిలబడి ఫొటోలు ఎక్కించాను. పచ్చ టిక్కు పడగానే మురిసిపోతూ దిగొచ్చాను.

ఇల్లందులో పోటీల రోజు నిర్వాహకుడు జాబితా చూసి, "మీ టీమ్ లేదు మేడం. ఫొటోలు ఎక్కించినంక కింద ఇంకో బటన్ నొక్కాలె గదా" అన్నాడు. ఫోన్ నీడలోకి తిప్పి చూశాను. తెల్లటి తెర అడుగున, ఉందా లేదా అన్నట్టు, బూడిదరంగు బటన్.

తిరుగు బస్సులో కెప్టెన్ పిల్ల తన కొత్త జెర్సీ మడిచి నా ఒళ్లో పెట్టింది. "వచ్చేసారికి మాకు వయసు దాటుతది మేడం. చిన్నోళ్లకియ్యండి. చెమట గూడ అంటలేదు."

ఈసారి ఆ బటన్ వెతక్కుండానే నొక్కాను. నేను పంపిన జాబితాలో నిరుటి ఆ పిల్లల పేర్లే లేవు.