దేవరకు వదిలిన పుంజు

ఉద్యోగ విరమణకు ఏడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, ఎమ్మిగనూరుకు ఆవల ఉన్న ఒక మండల పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ అయి వచ్చాను. ఆవుకు చేయి పెట్టి చూడి కట్టిందో లేదో చెప్పేవాడే మా శాఖలో అసలైన డాక్టరు. గొర్రెలు చూసేవారిది ఆ తర్వాతి వరుస. కోళ్ల గురించి మాట్లాడితే సహోద్యోగులు టీ తాగడానికి లేచిపోయేవారు. నాకు కోళ్లంటేనే ఇష్టం, ఆ సంగతి దాచుకున్నదీ లేదు. బహుశా అందుకే మా డిప్యూటీ డైరెక్టర్ గారు చుక్కకోడి జాతిని నిలబెట్టే పథకాన్ని నాకు అంటగట్టారు.

చుక్కకోడి ఈ ప్రాంతపు పాత జాతి. ఒళ్లు ఎర్రమట్టి రంగు. ప్రతి ఈక చివర ఒక నల్లని గీత, దాని కింద జొన్నగింజంత తెల్లచుక్క. మామూలు ఊరికోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. ఇది పద్దెనిమిది, ఇరవై పెడితే గానీ కూర్చోదు. చూడ్డానికి ముచ్చటగా ఉండి గుడ్లు కూడా పెట్టే కోడి ఇంతగా ఎందుకు తగ్గిపోయిందన్నది ప్రశ్న. ఏడాదిలోగా పది మంచి పెట్టలను, ఒక మంచి పుంజును చేర్చి, జాతిని పెంచడానికి మూలమంద తయారు చేయాలి. లేకపోతే ఆ పథకాన్ని మూసేస్తారు.

పెట్టలు దొరికాయి. చిప్పగిరి వైపు ఊళ్లు తిరిగి, నాలుగు నెలల్లో తొమ్మిదింటిని తెచ్చి ఆసుపత్రి వెనక షెడ్డులో పెట్టాను. పదోదాని కోసం పట్టుబట్టలేదు. పుంజు మాత్రం ఎక్కడా లేదు. కనబడ్డవన్నీ చుక్కలు మాసినవి, వేళ్లు వంకర పోయినవి, లేదా బజారు కోళ్లతో కలిసి రంగు చెడినవి. పెట్టలు అంత బాగుండి పుంజులు ఇంత నాసిగా ఎందుకున్నాయో నాకు అర్థం కాలేదు.

ఆదోని రోడ్డులోని ఒక ఊళ్లో కోళ్లకు కొక్కెర తెగులు టీకాలు వేస్తున్నప్పుడు జవాబు దొరికింది. హనుమక్క అని అరవై దాటిన మనిషి, పత్తి ఏరడానికి కూలికి పోతుంది. ఆమె పెరట్లో కాలికి పసుపుతాడు కట్టి, గంప పక్కన విడిగా కట్టేసిన పుంజు ఒకటి ఉంది. మెడ నుంచి తోక దాకా చుక్కలు. ఛాతీ వెడల్పు, కాళ్లు తిన్నన. నా ఉద్యోగంలో అంత లక్షణమైన పక్షిని చూడలేదు. సిరంజి చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాను.

అడిగినంత ఇస్తానన్నాను. హనుమక్క నవ్వింది.

"అది నాదయితే గదా మేడమ్మా అమ్మేకి. పిల్లప్పుడే దేవరకు ఇడిసినాము."

ఆ ఊళ్లో గ్రామదేవతకు మూడేళ్లకోసారి దేవర అనే జాతర చేస్తారు, ఆ దేవతనూ దేవర అనే అంటారు. ఇంటింటా ఒక పుంజును బలికి మొక్కుకుంటారు. మొక్కుకున్నది కుంటిదో, మచ్చ పడ్డదో అయితే కుదరదు. ఉన్నవాటిలో మేలైనదే కావాలి. ఒకసారి తాడు కట్టాక దాన్ని పెట్టల్లోకి వదలరు. మిగిలిన నాసి పుంజులే మందలో తిరుగుతాయి. అంటే ఈ ఊళ్లలో తరతరాలుగా మొదటి రకం పుంజు తండ్రి కాకుండానే పోతోంది. ఎంపిక పద్ధతుల మీద ఎన్నో పాఠాలు విన్నదాన్ని, ఈ తలకిందుల ఎంపిక కళ్ల ముందే జరుగుతున్నా నాలుగు నెలలు పట్టించుకోలేదు. ఆ రోజు నా మీద నాకే కోపం వచ్చింది.

దేవర ఇంకా తొమ్మిది వారాలు. ఆ పుంజు పోతే అలాంటిది మళ్లీ దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. హనుమక్కకూ లేదు. తన తల్లి కాలంలో ఇట్లాంటివి వీధి నిండా ఉండేవని, ఇప్పుడు ఇదొక్కటే పుట్టిందని ఆమే చెప్పింది.

రెండు వారాలు ఆలోచించి ఒక ఉపాయంతో వెళ్లాను. కోళ్లలో కృత్రిమ గర్భధారణ పెద్ద పనేం కాదు. పుంజును ఒకరు పట్టుకుంటే మరొకరు వీపును రెక్కల నుంచి తోక వైపుకు నిమిరి, తోక కింద నొక్కితే చిన్న గాజు గరాటులోకి రెండు మూడు చుక్కల వీర్యం వస్తుంది. దాన్ని సాయంత్రం పూట సన్నని సిరంజితో పెట్టలకు ఎక్కిస్తారు. పుంజును పెట్టల్లోకి వదలక్కర్లేదు, కాబట్టి కట్టుబాటు చెడదు. ఇది నా లెక్క. ఆమె పత్తికి పోయిన వేళ చూసి చేసుకుపోదామని మా అటెండరు రంగన్న సలహా ఇచ్చాడు. ఆ ఆలోచన నాకూ రాకపోలేదు. కానీ దొంగతనంగా తెచ్చిన దాన్ని రిజిస్టరులో ఏమని రాస్తాను? అడిగే చేస్తానన్నాను.

గరాటు చూపించి వివరంగా చెప్పాను. హనుమక్క లేచి పుంజుకు అడ్డంగా నిలబడింది.

"ఏందీ, దేవర పుంజును పట్టుకొని ఈపు పిసుకుతావా? నీకేమన్నా తిక్కనా మేడమ్మా? సదువుకున్నోళ్లు సేసే పనేనా ఇది?"

రంగన్న అటు తిరిగి నవ్వుకున్నాడు. నేను గరాటును సంచిలో పెట్టేశాను. అయితే లేచి రాలేదు. ఇంటి ముందరి కట్ట మీద కూర్చొని, ఇంకో దారి ఉంటే నువ్వే చెప్పు, లేదంటే రేపు మళ్లీ వస్తాను, ఎల్లుండీ వస్తాను అన్నాను. మూడు రోజులు అలాగే వెళ్లాను. మూడోరోజు ఆమె పొయ్యి దగ్గర నుంచే విసుగ్గా అన్నది:

"ఊరికే అడిగితే ఎట్లిస్తారు? పాలుకు అడుగు."

పాలుకు ఇవ్వడం మా వైపు అందరూ ఎరిగిన పద్ధతే. ఒకరి మేకనో కోడినో ఇంకొకరు మేపుతారు. పుట్టిన పిల్లల్లో సగం సొంతదారుకు, సగం మేపినవారికి. ఈ పుంజు దేవరది కాబట్టి దేవర దగ్గరే పాలుకు తీసుకోవాలని ఆమె మాట. సగం పిల్లలు దేవరవి. అలా తీసుకుంటే పెట్టలతో కలిసినా కట్టుబాటు చెడదు, పుంజు మాత్రం ఊరు దాటకూడదు, పెట్టలే రావాలి. దేవర నాటికి దాన్ని అప్పజెప్పాలి. గుడి ముందు టెంకాయ కొట్టించి, నా చేత ఆ మాట అనిపించింది. ప్రభుత్వ ఉద్యోగిగా నేను కుదుర్చుకున్న ఒప్పందాలన్నిటిలో సాక్షి సంతకాలు లేనిది ఇదొక్కటే.

తొమ్మిది పెట్టలు ఆటోలో హనుమక్క పెరటికి చేరాయి. మొదటి రెండు వారాల గుడ్లను పొదగేసి, ఏడోరోజు దీపం ముందు పెట్టి చూశాను. పిండం పడితే లోపల సన్నటి ఎర్రదారాలు కనబడాలి. ఒక్కదానిలోనూ లేవు. అన్నీ ఉత్తవే. అప్పటికి మిగిలింది మూడు వారాలు.

పుంజును ఒడిలోకి తీసుకొని తడిమి చూశాను. దేవరదని హనుమక్క దానికి సజ్జలతో పాటు బెల్లం, వేరుశెనగ కూడా పెడుతోంది. కదలకుండా తిని కొవ్వెక్కింది. తోక కింద ఈకలు గుబురుగా పెరిగి కలయికకు అడ్డం పడుతున్నాయి. మేత సగం తగ్గించాలి, అక్కడి ఈకలు కత్తిరించాలి అన్నాను. ఈసారి గొడవ తప్పదనుకున్నాను. ఆమె కాసేపు గొణిగింది గానీ అడ్డు చెప్పలేదు.

"పాలుకు తీసుకున్నోళ్లదే మేపు. నీ ఇష్టం. ఒట్టి కడుపున మాత్రం మాడ్చొద్దు."

దేవరకు ముందు పది రోజుల్లో పెట్టిన గుడ్లు నలభై ఆరు. వాటిని పొదగడానికి కూర్చున్న నాలుగు కోళ్ల కింద ఒకేరోజు వేశాం. మర్నాడు దేవర. పుంజును నేనే తాడు పట్టుకొని గుడి దాకా తీసుకెళ్లి ఇచ్చాను. మాట ఇచ్చాను కాబట్టి ఇచ్చాను.

ఏడోరోజు దీపం పెడితే ముప్పై నాలుగింటిలో ఎర్రదారాలు కనబడ్డాయి. ఇరవై ఒకటో రోజుకు ముప్పై ఒక్క పిల్లలు లేచాయి. అప్పుడు పంపకం మాట వచ్చింది. మామూలుగా తల్లిని వదిలాక పంచుకుంటారు. అప్పటికైతే ఏది మేలో కంటికి తెలుస్తుంది, మేలైనవి దేవరకే పోతాయి, మళ్లీ మొదటికే వస్తాం. పిల్లల ఒంటి మీద చుక్కలు గానీ, పుంజో పెట్టో గానీ తెలియని రోజే పంచుదామన్నాను. ఇందులో నా స్వార్థం ఉందని కూడా చెప్పాను. హనుమక్క రెండు గంపల్లో పదిహేనేసి పోసి, గుడ్డ కప్పి, కళ్లు మూసుకొని ఒకదాని మీద చేయి వేసింది. బేసి పిల్ల ఎవరిదని రంగన్న అడిగితే, అడిగినందుకు అతన్నే కసిరి దేవర గంపలో వేసింది. కాలివేళ్ల మధ్య పొరకు చిన్న రంధ్రం వేయడం కోడిపిల్లలకు మేం పెట్టే గుర్తు. దేవరవాటికి కుడికాలికి, మావాటికి ఎడమకాలికి వేశాను. పదిహేను షెడ్డుకు వచ్చాయి, పదహారు ఆమె పెరట్లో ఉన్నాయి.

ఆరో నెల వచ్చేసరికి చుక్కలు తేలాయి. మా పదిహేనులో ఆరు పుంజులు. రెండు బాగున్నాయి. ఆ తర్వాత హనుమక్క పెరటికి వెళ్లాను. అక్కడ ఒకటి మట్టిదిబ్బ మీద నిలబడి ఉంది. అచ్చం తండ్రి, కాకపోతే ఇంకొంచెం ఎత్తు. పట్టుకొని కాలు ఎత్తి చూశాను, ఏమి చూస్తానో తెలిసినా. కుడికాలు. దానికి అప్పుడే పసుపుతాడు కట్టి ఉంది. ఇంత పాటుపడి చివరికి మళ్లీ ఇదేనా అనిపించింది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

హనుమక్క చాటలో గింజలు చెరుగుతూ నన్ను చూసింది.

"అట్ల మొకం పెట్టుకుంటావేంది? దేవర ఇంగ రెండేండ్లకు పైన ఉంది. అంతవరకు పాలుకు తీసుకో. పద్ధతి సూపిచ్చినాను గదా."

తీసుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ప్రతి మేలైన పుంజునూ, ఎవరి ఇంటిదైనా, అలాగే తీసుకున్నాను. మూలమంద నిలిచింది, పథకం కొనసాగింది. మేం పెట్టే వంశ రిజిస్టరులో తండ్రి పక్షి యజమాని అని ఒక గడి ఉంటుంది. మొదటి పుంజుకు అందులో గ్రామదేవత అని రాశాను. పైఆఫీసు వారు సవరించమని రెండుసార్లు తిప్పి పంపారు. రెండుసార్లూ అదే రాసి పంపాను. మూడోసారి అడగలేదు.

ఒక జాతి ఎందుకు నాసి అవుతోందో తెలియాలంటే, మిగిలినవాటిని కాదు, ముందుగా పోతున్నవాటిని లెక్క పెట్టాలి. అవి ఎవరివో కనుక్కొని, వారి పద్ధతిలోనే వారిని అడగాలి. నేను మాత్రం ఆ పనికి మొదట గాజు గరాటు పట్టుకొని వెళ్లాను.